చేదు తీసిన చిలుం

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర వాన పట్టుకుంది. గొడుగు వెంట తెచ్చుకునే బుద్ధి నాకు ఈ వయసు దాకా రాలేదు కాబట్టి, రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చి అమ్మే ఆమె కట్టుకున్న నీలం పట్టా కిందికి దూరాను. నా వెనకే కాలేజీ పిల్లల గుంపొకటి దూరింది. ఆమె దగ్గర బొగ్గులు అయిపోవచ్చినట్టున్నాయి. పక్కన సంచిలో దాచుకున్న ఎండు బెండ్లు రెండు తీసి పొయ్యిలో పెట్టింది. బెండంటే, గింజలన్నీ ఒలిచేశాక కంకిలో మిగిలే గట్టి నడిమి భాగం. వాన గాలికి అవి మండక పొగ లేపాయి.

పిల్లలు ముక్కులు మూసుకుని అవతలికి జరిగారు. నేను జరగలేదు.

"అక్కా, గటు జరుగు, కండ్లు మండుతయ్" అంది ఆమె.

"మండనియ్యి" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి కంకి తిప్పుకుంది.

ఆ పొగ నాకు బాగా తెలుసు. ముందు బెల్లం మాడినట్టు వస్తుంది, వెంటనే గొంతులో గీరుకునే చేదు. మా నాయినమ్మ ఏటా ఆ చేదును మింగేది. నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

మాది ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు అవతల, ఆ నీళ్ల మీద ఆశ తప్ప నీళ్లు పారని ఒక చిన్న ఊరు. ఊరు ఇప్పటికీ ఉంది. మా చేను లేదు. ఇంట్లో తాత, నాయినమ్మ, బాపు వాళ్ల అన్న పెద్దబాపు కుటుంబం, బాపు, అమ్మ, నేను. చేనంతా ఎర్రమట్టి. మక్క వేస్తే మాత్రం మురిపెంగా పెరిగేది. నాటు విత్తనం, తెల్లటి గింజ, కంకి పొట్టిగా ఉన్నా బెండు మాత్రం చెక్కలా గట్టిగా ఉండేది.

తాత బీడీ తాగేవాడు కాదు. అది తొందర ఉన్నవాళ్లదట. పొగాకు నింపి పీల్చే మట్టి చిలుం కూడా తాగేవాడు కాదు. "మట్టిది కిందవడితె పగులుతది. బెండుది కిందవడితె దులుపుకోని లేస్తది" అనేవాడు. ఆయన చిలుం మక్క బెండుతో చేసిందే. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడట. చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరి దగ్గరా నేను అలాంటిది చూడలేదు.

దాని వెనక పెద్ద యవ్వారమే ఉండేది. మక్కలు ఒలిచే రోజుల్లో తాత కుప్ప పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. ఆడవాళ్లు ఒలిచి పారేసిన ప్రతి బెండునూ చేతిలో తూచినట్టు పట్టుకుని, గోటితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసేవాడు. బోలుగా మోగితే పొయ్యిలోకి. నచ్చినవి తాడుతో కట్టి అటుక మీద, సరిగ్గా పొయ్యికి పైన వేలాడదీసేవాడు. రెండు వానాకాలాలు అవి ఆ పొగలో ఆరాలి. తొందరపడి పచ్చిది తీస్తే చిలుం నెల తిరక్కుండా చీలుతుందని ఆయన లెక్క. ఆరిన బెండును బొటనవేలంత పొడుగు కోసి, కత్తి మొనతో లోపల తొలిచి, కాల్చిన చువ్వతో పక్కన బెజ్జం పెట్టి, అందులో సన్న వెదురు పుల్ల దూర్చి, సందులు మైనంతో మూసేవాడు. లోపల బెల్లం నీళ్లలో బూడిద కలిపి పూసి నీడకు ఆరబెట్టేవాడు.

చిలుంకు ముసలితనం మనుషులకంటే తొందరగా వచ్చేది. మొదట పసుపు కొమ్ము రంగు. కొన్నాళ్లకు తాటిబెల్లం రంగు. తర్వాత అంచులు నల్లబడి లోపల మసి మందంగా అట్ట కడుతుంది, అప్పుడు దానికి అసలు రుచి వస్తుందట. ఆ మంచికాలం ఎన్నాళ్లో ఉండదు. అడుగు పలచబడి, పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమనేది. తాత తడిగుడ్డ చుట్టి ఇంకా కొన్నాళ్లు నెట్టుకొచ్చేవాడు. చివరికి ఒకనాడు అడుగు కాలి చిల్లుపడి, నిప్పు ధోతి మీద రాలేది. ఆయన ధోతులన్నింటికీ తొడల దగ్గర చిల్లులే. "ఇగ ఇది వోయింది" అనేవాడు, ఎద్దు పోతే ఎలా అనేవాడో అలాగే. బెండును పొయ్యిలో వేసి, పుల్లను మాత్రం తుడిచి దాచుకునేవాడు. పుల్ల ఎన్నేళ్లదో మాకెవరికీ తెలియదు. ఆయన పన్ను ఆనే చోట దానికి గుంత పడింది. ఏటా బెండ్లు మారేవి, ఆ పుల్ల అదే.

అయితే కొత్త చిలుంను తాత ఎప్పుడూ ముందుగా తాగలేదు.

కొత్తది కాలుతుంటే పొగాకుతో పాటు బెండు కూడా కాలుతుంది. ఆ పొగ పీలిస్తే పేగులు బయటికొస్తాయి. లోపల మసి అట్ట కట్టేదాకా అంతే. ఆ అట్ట కట్టించే పని నాయినమ్మది. పొద్దున పొయ్యి ముందు కూర్చుని, జొన్నరొట్టె పెనం మీద వేసి, కొత్త చిలుం నోట్లో పెట్టుకునేది. దగ్గేది, ఉమ్మేది, కొంగుతో కళ్లు తుడుచుకునేది, మళ్లీ పీల్చేది. వారం పది రోజులు అదే తంతు. మిగతా ఏడాదంతా పొగాకు ముట్టేదే కాదు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి, "ఏందత్తా, మామకంటె ముందుగాల నువ్వే దుక్నం వెట్టినవా?" అని పరాచికాలాడేవారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి, పండ్లు రాలేదాకా నవ్వుండ్రి" అనేది దగ్గుల మధ్య.

ఒకసారి నేనే అడిగాను, నీకెందుకే ఈ బాధ అని.

"పెండ్లయిన కొత్తల మీ తాతనే తాగేటోడు బిడ్డా. కొత్త చిలుం పట్టిన్నాడల్లా దగ్గి దగ్గి నాగలి ఇడిసి గట్టు మీద కూసునేటోడు. దగ్గుకుంట దున్నొస్తదా? దగ్గుకుంట రొట్టెలు చెయ్యొస్తది. గందుకే నేను తీసుకున్న."

అంతే. ఆమెకు అందులో పెద్ద త్యాగమేమీ కనిపించలేదు. నాకు మాత్రం ఇప్పుడు తలుచుకుంటే తాత మీద కూడా కోపం వస్తుంది. ఒక్క ఏడాదైనా నేను తాగుతాలే అని ఆయన అన్నట్టు నాకు గుర్తులేదు.

ఆ చేదు ఏపాటిదో నాకు తెలుసు. పెద్దబాపు కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్దవాడు, ఒక మధ్యాహ్నం నీడకు ఆరబెట్టిన చిలుం ఎత్తుకొచ్చాడు. ఇద్దరం గడ్డివాము వెనక అంటించాం. రెండో దమ్ముకు అన్న కక్కాడు, వాడిని చూసి నేనూ కక్కాను. తాత వెతుక్కుంటూ వచ్చి మా మొహాలు చూసి, కొట్టకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు. "దొంగతనం గూడ రాదు మీకు. పాతది ఎత్తుకపోతె కమ్మగ తాగుదురు గదా!" అన్నాడు. నాయినమ్మ మజ్జిగలో ఉప్పేసి తాగించింది.

నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి ఏడు సంగతి. ఆ ఏడు పెద్దబాపు వేయించిన బోరు మళ్లీ ఎండింది. అదే ఏడు సాగర్ రోడ్డు మీంచి ఒకాయన స్కూటరేసుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల చేన్లు ప్లాట్లు అవుతున్నాయి, మీదీ ఇయ్యండని. తాత ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చేతిలో చిలుం చూపించేవాడు.

"ఇది గిన్ని దినాలకు కాలిపోతది. ఫికర్ లేదు, అటుక మీద ఇంకోటి ఉన్నది. అది గూడ పోతె? చేన్లకెల్లి వస్తది. మరి చేనే పోతె ఏడికెల్లి వస్తది, నువ్వే చెప్పు."

ఆయన నవ్వి లేచిపోయేవాడు. పెద్దబాపుకు మండుకొచ్చేది.

"బెండు ముక్క కోసం భూమి ఆపుతరా బాపూ? నీళ్లు లేని చేన్ల నేనేం చావాలె?"

పెద్దబాపు చెడ్డవాడని నేననను. ఆ బోరు గుంతల పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి. కానీ ఆయనకు ఒకటి తోచిందంటే ఇంట్లో ఇంకెవరి బాధా కనిపించేది కాదు. ఆ పంటకు, చేతులతో ఒలిచే కూలీలు దొరకడం లేదని, మక్కలు ఒలిచే మిషను తెచ్చాడు. సగం రోజులో పని ముగిసింది. గింజలు ఒకవైపు, బెండ్లు ఒకవైపు పడ్డాయి. బెండ్లన్నీ పటపటా విరిగి ముక్కలయ్యాయి. తాత పీట వేసుకుని ఆ కుప్పలో పొద్దుగూకేదాకా చేతులు పెట్టి వెతికాడు. నిండు బెండు ఒక్కటీ దొరకలేదు. ఆ ఏడు అటుక మీదికి కొత్త కట్ట ఎక్కలేదు. మిగిలింది పోయినేటి కట్ట ఒక్కటే.

ఆ చలికాలంలోనే తాత గొంతులో ముద్ద దిగడం మానేసింది. ముందు రొట్టె, తర్వాత అన్నం, తర్వాత జావ. పట్నం దవాఖానకు తీసుకుపోయారు. గొంతులో పుండు అన్నారు, ముదిరింది అన్నారు, పొగ మానమన్నారు. తాత మానేశాడు. కానీ చిలుం వదల్లేదు. అప్పటికి అది తాటిబెల్లం రంగుకొచ్చి, మంచి వయసులో ఉంది. నిప్పు లేకుండా, పొగాకు లేకుండా, ఉత్త చిలుం పళ్ల మధ్య పెట్టుకుని పడుకునేవాడు. దానికి ముసలితనం రావడం ఆగిపోయింది. ఆయన మాత్రం మా కళ్ల ముందే కరిగిపోయాడు.

నాయినమ్మ మంచం కోడు పక్కన కూర్చుని ఆయన కాళ్లు ఒత్తుతూ ఒక మాట అనేది. "కొత్తది కొత్తదే ఇస్తె ఏనాడో ఇడిసిపెట్టేటోడు గదా. ఏటా నేనే కమ్మగ చేసిచ్చిన." అమ్మ ఊరుకోమనేది. ఆమె ఊరుకోలేదు, చచ్చేదాకా ఆ మాట అంటూనే ఉంది.

మక్క చేను దుక్కి మొదలయ్యే ముందు తాత పోయాడు. చేనులోనే కాల్చారు. ఆయనకు ప్రాణం కదా అని, పాత చిలుంను పుల్లతో సహా పెద్దబాపే ఆయన చేతిలో పెట్టాడు. పుల్ల కూడా పోయింది.

దినాలనాడు పిట్టకు పెట్టడం మా దిక్కు అందరికీ తెలిసిందే. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, కాల్చిన చోటికి తీసుకుపోయి పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిందని అర్థం. ఆ ఏదో ఏమిటో కనుక్కుని, తీరుస్తామని అందరి ముందు మాటిచ్చేదాకా అక్కడి నుంచి కదలరు. కాకికి ఇచ్చిన మాట తప్పినవాడు ఊళ్లో తలెత్తుకోలేడు.

తాత విస్తరిలో అన్నం, మటన్, గారెలు, దొప్పలో కల్లు. పక్కన చిలుం. పాతది చితిలో కాలింది కాబట్టి బాపు పొద్దున్నే అటుక మీది కట్టలోంచి ఒక బెండు తీసి, కొత్త వెదురు పుల్ల పెట్టి, హడావిడిగా చేశాడు. పొగాకు నింపి నిప్పు రవ్వ వేసి విస్తరి పక్కన పెట్టాడు.

అందరం గట్టు దాకా వెనక్కి నడిచి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. ఎండిన కంపచెట్టు మీద వాలాయి. ఒకటి దిగి, విస్తరి చుట్టూ నడిచి, చిలుం పొగ మొహానికి తగలగానే ఎగిరిపోయింది. మళ్లీ ఏదీ దిగలేదు. పొద్దు నెత్తిమీదికొచ్చింది. అన్నం ఎండిపోయింది.

"ముసలాయన మనసుల ఏమున్నదో" అని ఊరి పెద్దొకాయన మొదలుపెట్టాడు. ఏమున్నదో అందరికీ తెలుసు. అందరూ పెద్దబాపు వైపే చూశారు. పెద్దబాపు నేల చూస్తున్నాడు. ఆయన పెదవులు తడారిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"పెద్దోడా, చేను అమ్మనని ఒక్క మాట చెప్పు. నాయిన ముడుతడు" అన్నాడు ఆ పెద్దాయన.

పెద్దబాపు రెండడుగులు ముందుకు వేశాడు. చేతులు జోడించాడు. గొంతు సవరించుకున్నాడు. ఇక చెప్పేస్తాడు, చేను మిగులుతుంది అనుకున్నాను. అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

అప్పుడు నాయినమ్మ గట్టు దిగి విస్తరి వైపు నడిచింది.

అమ్మ గబగబా వెనక పోయి కొంగు పట్టుకుంది. నేనూ అమ్మ వెంటే పోయాను. "అత్తమ్మా, జర ఆగు. బావ మాట ఇయ్యనీ. ఇప్పుడు గాకుంటె ఇగ ఎన్నడు ఇయ్యడు" అంది అమ్మ, ఎవరికీ వినపడకుండా.

నాయినమ్మ కొంగు విడిపించుకుంది. "కొత్త చిలుం వెట్టిన్రే ఆయనకు. చేదు చిలుం. ఎట్ల ముడుతడు?"

"తెలుసు అత్తమ్మా. ఒక్క గడియ ఆగు, చేను నిలవడుతది."

"నాకు మాత్రం చేను మీద పాణం లేదా? ఆయన కూడు తినక ఎన్ని దినాలాయె! ఆకలితోటి నిలవెట్టి భూమి మాట తీసుకుంటనా నేను?"

ఆమె విస్తరి ముందు కూలబడింది. ఆరిపోయిన చిలుం ఎత్తి, మళ్లీ అంటించి, నోట్లో పెట్టుకుంది. పీల్చింది, దగ్గింది, ఉమ్మింది, మళ్లీ పీల్చింది. అయిపోతే మళ్లీ పొగాకు నింపింది. దినాలకు వచ్చిన జనమంతా చూస్తున్నారు. ఒకరిద్దరు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, వారం పది రోజుల పనిని ఆమె ఆ ఎండలో ఒక్క పూటలో చేసింది. మధ్యలో ఒకసారి పక్కకు తిరిగి కక్కుకుంది. బాపు లేపబోతే చెయ్యి విదిలించింది. చివరికి చిలుం లోపల వేలు పెట్టి తడిమి చూసి, మసి అంటిన వేలును కొంగుకు తుడుచుకుని, మెల్లగా విస్తరి పక్కన పెట్టింది.

"ఇగ తాగు" అంది. లేచి, తూలుకుంటూ వచ్చింది.

ఆమె గట్టు ఎక్కిందో లేదో, కాకి దిగింది. మటన్ ముక్క నోట కరిచింది. దాని వెనక ఇంకో రెండు దిగాయి.

జనం ఊపిరి పీల్చుకున్నారు. పెద్దబాపు జోడించిన చేతులు విప్పాడు. ఆయన మొహంలో అంత నిమ్మళం నేను ముందెప్పుడూ చూడలేదు. అందరికీ వినపడేలా అన్నాడు.

"చూసిన్రు గదా. మా బాపు పాణం చిలుం మీద ఉండె. భూమి మీద గాదు."

  నాయినమ్మ నోరు కడుక్కుంటోంది. ఆ మాట ఆమెకు వినపడిందని, పుక్కిలిస్తున్న నీళ్లు నోట్లోనే ఆగిపోవడం చూసి తెలుసుకున్నాను.

మళ్లీ మక్క వేసే కాలానికి మా చేనులో తెల్ల రంగు వేసిన రాళ్లు పాతారు. తాతను కాల్చిన చోటు మీదుగా ముప్పై అడుగుల రోడ్డు పోయింది. బాపు సంతకం పెట్టి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. పెద్దబాపు హయత్‌నగర్ వైపు ఇల్లు కట్టుకుని పోయాడు. నాయినమ్మ మాతోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని మాకెవరికీ అంతుపట్టలేదు. అటుక మీద ఇంకా కొన్ని బెండ్లు మిగిలాయి. ఏటా మక్క కోతల కాలం రాగానే ఒకటి దింపేది. తానే కోసి, తొలిచి, బెల్లం నీళ్లు పూసి, పొయ్యి ముందు కూర్చుని దగ్గుకుంటూ చేదు తీసేది. సరిగ్గా తాగే రుచికి రాగానే ఆపేసి, తుడిచి, గూట్లో పెట్టేది. మళ్లీ ముట్టేది కాదు. "ఎవ్వలకు అత్తమ్మా ఇవి?" అని అమ్మ ఒకసారి అడిగితే, "పచ్చిది పచ్చిదే ఇడిసిపెట్టబుద్ధి గాదు" అంది. గూట్లో చిలుంలు వరసగా పేరుకున్నాయి, అన్నీ ఒకే వయసువి, ఏ ఒక్కటీ ముసలిది కాలేదు. ఒక ఏడు అటుక మీద తాడు మాత్రమే మిగిలింది. ఆ తాడును కూడా ఆమె దింపి మడతపెట్టి దాచుకుంది. మరుసటేడు పోయింది.

ఆమె దినాలకు మాకు చేను లేదు. చెరువు కట్ట కింద, రోడ్డు పక్కన ఇంత జాగా చూసుకుని విస్తరి పరిచాం. బాపు గూట్లోంచి ఒక చిలుం తెచ్చాడు. అమ్మ ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ఆమె ఎన్నడు ఇష్టంగ తాగిందని తెచ్చినవ్? ఆమె తాగింది చేదు ఒక్కటే."

"మరి ఏం ఇష్టం ఆమెకు?" అన్నాడు బాపు.

 అమ్మ నన్ను చూసింది. నేను దినాలకు వచ్చిన మేనత్తలను చూశాను. పెద్దబాపు వచ్చి ఉన్నాడు, ఆయన తలదించుకున్నాడు. తీపా, కారమా, ఏ కూర ఇష్టమో, ఏ పండు ఇష్టమో, అంతమందిమి ఉండి ఒక్కరమూ చెప్పలేకపోయాం. ఆమె మేం తినగా మిగిలింది తినేది. చివరికి ఇంట్లో ఆ పూట వండింది కొంచెం కొంచెం పెట్టాం.

మేం వెనక్కి తిరిగి నాలుగడుగులు వేయకముందే కాకి వచ్చి ముట్టింది.

"ఎంత పుణ్యాత్మురాలు, ఏ కోరికా మిగలలే" అన్నారు అందరూ. పెద్దబాపు కళ్లు తుడుచుకుని చేతులు జోడించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేను కావాలని ఆమె నోటితోనే అనడం విన్నదాన్ని నేను. కోరిక లేక కాదు, ఒకరిని ఎండలో నిలబెట్టడం ఆమెకు చేతకాకే కాకి వెంటనే దిగింది, అని అరవాలనిపించింది. అరవలేదు. అమ్మ పక్కన నిలబడి ఏడ్చాను.

వాన తగ్గాక కంకులామె పట్టా మీది నీళ్లు దులిపింది. పొయ్యిలో బెండ్లు బూడిదయ్యాయి. ఆమె సంచిలోంచి ఒక ఎండు బెండు అడిగి తీసుకున్నాను. హైబ్రిడ్‌ది, గోటితో నొక్కితే లోపలికి దిగింది. చిలుంకు పనికిరాదు. చెవి దగ్గర పెట్టుకుని తట్టాను. బోలుగా మోగింది. అయినా బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.